టెక్ సందేహాలు: కనబడని ముక్క, తెగిన బోల్టు

ప్రశ్న: మేము చెన్నై తిరువొత్తియూరులో ఉంటాం. మా పన్నెండేళ్ల పెట్రోలు కారులో ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) దగ్గర ఆయిల్ కారుతుంటే, వీడియోలు చూసి గ్యాస్కెట్ నేనే మార్చాను. ఇగ్నిషన్ కాయిల్ తీసేటప్పుడు ఒక కప్లర్ (వైర్లను కాయిల్‌కు కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) లాక్ విరిగింది. దాని ముక్కొకటి ఎంత వెతికినా దొరకలేదు. కవర్ తిరిగి బిగిస్తుంటే, టార్క్ రెంచ్ (పెట్టిన బిగువు రాగానే ‘టిక్’మనే పానా) ‘టిక్’మనకముందే పది నంబరు స్పానర్ పట్టే బోల్టు ఒకటి తెగిపోయింది. వైఫై ఎండోస్కోపు (తీగ చివర ఉండే సన్నని కెమెరా) కొన్నాను గానీ ఫోనులో దృశ్యం రావడం లేదు. ఒకసారి ఇంజిన్ స్టార్ట్ చేసి చూడవచ్చా?

జవాబు: వద్దు. బోల్టూ కప్లరూ వారం రోజులు ఆగినా నష్టం లేదు, ఆ ముక్క ఎక్కడుందో తేలేవరకు మాత్రం తాళంచెవి తిప్పకండి. ముందుగా దొరికిన ముక్కలన్నీ ఒక తెల్లగుడ్డ మీద పేర్చి, విరగని పక్క కప్లర్‌తో పోల్చి, తగ్గిన భాగం ఎంత పొడవు, ఎంత మందం ఉందో ఫోటో తీసుకోండి. ఏమి వెతుకుతున్నామో కచ్చితంగా తెలియకపోతే కెమెరా ఉండీ ప్రయోజనం లేదు.

కాయిల్ లాగినప్పుడు దాని కింద స్పార్క్ ప్లగ్గు బిగించే ఉందా అన్నది గుర్తు చేసుకోండి. ప్లగ్గు కదల్చకపోతే ముక్క సిలిండర్‌లోకి వెళ్లే దారే లేదు; ప్లగ్గు చుట్టూ ఉన్న గుంతలోనే పడి ఉండవచ్చు. ప్లాస్టిక్కుకు అయస్కాంతం పనికిరాదు కాబట్టి, వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి సన్నని ట్యూబు టేపుతో చుట్టి ఆ గుంతను పీల్చాలి, ప్లగ్గు విప్పడం ఆ తరువాతే. అక్కడ లేకపోతే, కవర్ తెరిచి ఉంచిన సమయంలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) వైపు జారి ఉండవచ్చు. అక్కడినుంచి ఆయిల్ తిరిగి వెళ్లే రంధ్రాల గుండా సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దారి ఉంది. సంప్‌లో ఆయిల్ పీల్చే చోట జల్లెడ ఉంటుంది గనుక పంపు దాకా పోకపోవచ్చు గానీ, ఆ భరోసాతో వదిలేయమని నేను చెప్పను. బోల్టు కోసం కవర్ ఎలాగూ మళ్లీ ఎత్తాలి, అప్పుడే ఆ రంధ్రాలనూ చూడండి.

ఎండోస్కోపులో లోపం ఉండకపోవచ్చు. అది తనదైన వైఫై హాట్‌స్పాట్‌ను సృష్టిస్తుంది. అందులో ఇంటర్నెట్ లేదని గ్రహించిన ఫోను తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది. మొబైల్ డేటా ఆపి, యాప్ అడిగిన అనుమతులు ఇచ్చి చూడండి. ఈ చవక కెమెరాలకు ఫోకస్ మార్చుకునే వీలుండదు, కొన్ని సెంటీమీటర్ల దూరంలో మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. కనుక ముందు స్టీలు గ్లాసు అడుగున చింతగింజ వేసి, ఎంత దూరంలో చక్కగా కనిపిస్తుందో, లైటు ఎంత తగ్గిస్తే మెరుపు పోతుందో ఇంట్లోనే సాధన చేసుకోండి. ప్లగ్గు మర సాధారణంగా 14 లేదా 12 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి 5.5 మిల్లీమీటర్ల కెమెరా అందులో సులువుగా దిగుతుంది.

ఇక బోల్టు. మీరు వాడినది చక్రాల నట్లకు వాడే పెద్ద టార్క్ రెంచ్ అయి ఉంటుందని నా అనుమానం. అటువంటివి తమ గరిష్ఠ కొలతలో సుమారు 20 శాతానికి దిగువన నమ్మదగినవి కావు. 200 న్యూటన్ మీటర్ల రెంచ్, ట్యాపెట్ కవర్‌కు కావలసిన 10 దరిదాపుల్లో ‘టిక్’మనకపోవడం వింతేమీ కాదు. పావు అంగుళం డ్రైవ్ ఉన్న చిన్న రెంచ్ కొని, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెనే పెట్టుకోండి.

అయితే బోల్టు విప్పేటప్పుడు కాక బిగించేటప్పుడు తెగడం మీ అదృష్టం. విప్పుతూ తెగిందంటే తుప్పు పట్టి లోపల కరుచుకుందని అర్థం, మీ సముద్రపు గాలికి అల్యూమినియంలోని ఉక్కు బోల్టుకు అది మామూలే. బిగిస్తూ తెగిన బోల్టుకు తలతో పాటు బిగువూ పోతుంది, లోపలి ముక్క మరలో వదులుగానే మిగులుతుంది. కవర్ ఎత్తాక మొన పైకి కనిపిస్తే ప్లయర్‌తో పట్టి తిప్పవచ్చు. లోపలే ఉండిపోతే, చుట్టూ గుడ్డ కప్పి, నడిమధ్యన పంచ్‌తో గుర్తు పెట్టి, ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా తొలిస్తే చాలాసార్లు దానంతట అదే తిరుగుతూ బయటికి వస్తుంది. ‘ఈజీ అవుట్’ అని పేరు పెట్టినవారెవరో గానీ, తెగిన బోల్టును బయటికి తిప్పే ఆ ఎక్స్‌ట్రాక్టర్ గట్టిదే కాక పెళుసుది కూడా. ఆరు మిల్లీమీటర్ల బోల్టులో అది విరిగితే మామూలు డ్రిల్ దాన్ని తాకలేదు. ఆ పరిస్థితి రాకముందే లేత్ షాపువారిని పిలవడం మేలు.

కప్లర్‌కు జిగురు పూయకండి. ఇంజిన్ వేడికి నైలాన్ మీద అది నిలవదు. కేబుల్ టై కట్టి ఇంటిదాకా రావచ్చు, అంతే. కొత్త పిగ్‌టెయిల్ (వైర్లతో సహా వచ్చే కప్లర్) జీపీ రోడ్డు విడిభాగాల దుకాణాల్లో అడగండి. పుదుపేటలో పాత కార్ల వైరింగ్ నుంచి కోసి ఇస్తారు గానీ, అదీ మీ కప్లర్ అంత వయసుదే, అంతే పెళుసుది. వైర్లను ఒక్కొక్కటిగా కోసి, ఒక్కొక్కటిగా క్రింప్ చేయండి (నొక్కి బిగించండి). అన్నీ ఒకేసారి కోస్తే వరుస తారుమారవుతుంది. పని ముగిశాక ఓబీడీ స్కానర్‌లో (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పీ0301 నుంచి పీ0304 వరకు ఏ కోడ్ కనిపించినా దాని చివరి అంకె గల సిలిండర్ సరిగా మండడం లేదని అర్థం. చెక్ ఇంజిన్ దీపం మిణుకుమిణుకుమంటే మాత్రం బండి ఆపేయండి, మండని పెట్రోలు పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

ప్రశ్న: వేళచ్చేరి నుంచి. విరిగిన ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పును త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసుకోవచ్చా?

జవాబు: కొలత సరిచూసుకోవడానికి చేసుకోండి, బిగించడానికి వద్దు. పీఎల్ఏ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో చెన్నై ఎండకు నిలిపిన కారు బానెట్ కింద దాని ఆకారం నిలవదు. ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అదైనా పెట్టె బయటి క్లిప్పులకే వాడండి. ఫిల్టర్ దాటాక గాలి వెళ్లే మార్గంలో ఇంట్లో చేసిన భాగమేదీ పెట్టవద్దు, అక్కడ విరిగిన ముక్కను ఇంజినే లోపలికి పీల్చుకుంటుంది.