కృప వచ్చాక ధర్మశాస్త్రం రద్దయినట్టేనా?

రద్దు కాలేదు, క్రైస్తవ విశ్వాసం ప్రకారం ధర్మశాస్త్రం (బైబిల్లో మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలు) పాపాన్ని చూపిస్తుంది, కృప (దేవుడి దయ) ఆ పాపం నుంచి రక్షిస్తుంది. ఆజ్ఞకు తప్పును పట్టి చూపే శక్తి ఉంది, తప్పిన మనిషిని నిలబెట్టే శక్తి లేదు. విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండమీది లైట్‌హౌస్ రాత్రివేళ పడవకు ఒడ్డు ఎటో చెబుతుంది. ఇంజను ఆగిన పడవను లాక్కురావడం దాని పని కాదు, అందుకు ఎవరో ఒకరు వచ్చి తాడు విసరాలి. ఆ తాడే కృప. అర్హత చూసి ఇచ్చేది కాదు, ఉచితంగా దొరికేది.

చాలామంది పొరబడేది ఇక్కడే: కృప ఉంది కాబట్టి ఎలా బతికినా ఫరవాలేదనుకుంటారు. బైబిల్లోని రోమీయులకు రాసిన పత్రికలో, అంటే లేఖలో, తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు ఈ వాదాన్ని గట్టిగా తోసిపుచ్చాడు. సున్నతి వంటి ఆచారాలు క్రైస్తవులకు విధి కావు, నిజమే. దొంగిలించవద్దు, అబద్ధసాక్ష్యం చెప్పవద్దు అన్నవి మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని పాటించేది రక్షణను కొనుక్కోవడానికి కాదు, పొందిన రక్షణకు కృతజ్ఞతగా.