కోలుకున్న కొడుకు అదే సెంటర్లో పనికి చేరవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలో బరంపురం. నేత పని చేసుకునే కుటుంబం. మా అబ్బాయికి 26 ఏళ్లు, ప్లస్ టూ పాసయ్యాడు. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసేవాడు. పక్క మగ్గం కుర్రాడు కరెంటు షాక్ కొట్టి వీడి కళ్ల ముందే పోయాడు. అప్పటి నుంచి తాగుడు మొదలైంది. ఇంటికి తెచ్చి డీ-అడిక్షన్ సెంటర్లో చేర్పించాం. రెండేళ్లుగా ముట్టలేదు. ఇప్పుడు ఆ సెంటర్ వాళ్లే ట్రైనింగ్ ఇచ్చి పీర్ సపోర్టర్‌గా, అంటే తనలాంటి పేషెంట్లకి తోడుండే మనిషిగా పెట్టుకుంటామంటున్నారు. ఇది ఉద్యోగమేనా? మళ్లీ ఆ తాగుడు మనుషుల మధ్యే తిరిగితే వాడేమైపోతాడు? రేపు సంబంధాలు చూస్తే ఏం చెప్పుకోవాలి? – ఒక తండ్రి

జవాబు: ఉద్యోగమేనండీ, కాకపోతే చిన్నది. మొదట్లో జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. కేంద్రం సాయంతో నడిచే డీ-అడిక్షన్ సెంటర్లలో పీర్ ఎడ్యుకేటర్ అనే పోస్టు ఉంది. వ్యసనం నుంచి బయటపడి నిలదొక్కుకున్నవాళ్లనే అందులోకి తీసుకుంటారు. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో ఈ పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. అక్కడా ముప్పు ఎక్కువున్న సమూహంలోని మనిషే వెళ్లి తనవాళ్లతో మాట్లాడతాడు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో మానసిక ఆరోగ్య సహాయకుల పేరు కూడా చేర్చారు. అంటే ఇది పూర్తిగా గాలిలో ఉన్న పని కాదు. అలాగని దీన్నే నమ్ముకుని ఇల్లు గడుస్తుందని నేను చెప్పను. గ్రాంటు మీద నడిచే చోట జీతం ప్రతి నెలా టైముకి పడకపోవడం మామూలే.

వాడేమైపోతాడన్న మీ భయం గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. ట్రైనింగ్‌లో ఏం నేర్పుతారో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

తాగి మానేసినవాడు తన కథ చెప్తే విన్నవాళ్లు మారిపోతారని చాలామంది అనుకుంటారు. మంచి ట్రైనింగ్‌లో మాత్రం ఆ కథ ఎప్పుడు చెప్పకూడదో నేర్చుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఉదాహరణకి ఒక రోల్-ప్లే. కొత్తగా చేరిన పేషెంటుగా ఒకరు కూర్చుంటారు, ఎదురుగా మీ అబ్బాయి. ఆ పేషెంటు ‘రాత్రుళ్లు నిద్ర రాదన్నా, మగ్గం చప్పుడు చెవుల్లోనే ఉంటుంది’ అంటాడు. మీవాడికి ‘నాకూ అంతే, నా పక్కనోడు...’ అని నోటి దాకా వస్తుంది. ట్రైనర్ అక్కడ ఆపి అడుగుతాడు: ఈ మాట అతని కోసం చెప్తున్నావా, నీ గుండె బరువు దించుకోవడానికా? అతనికి పనికొచ్చేదైతే రెండు ముక్కల్లో చెప్పి మాటని మళ్లీ అతని వైపు తిప్పాలి. ఆ కుర్రాడు ఎలా పడిపోయాడు, ఎలా అరిచాడు అనే వివరాలు అక్కర్లేదు. అవి వింటే ఆ పేషెంటుకి ఆ రాత్రి కూడా నిద్ర ఉండదు.

చిన్న చిన్న విషయాలూ ఉంటాయి. వచ్చిన మనిషికీ తలుపుకీ మధ్య మనం కుర్చీ వేసుకోకూడదు. ఇరుక్కుపోయానని అనిపిస్తే అతను నోరు విప్పడు. భుజం మీద చెయ్యి వేసేముందు అడగాలి. రిజిస్టర్లో ఏం రాస్తున్నామో, ఎవరు చూస్తారో ముందే చెప్పాలి. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆవిడ ఫ్యామిలీ మీటింగ్‌కి వస్తే, కౌన్సెలర్‌కి చెప్పిందంతా మళ్లీ మీవాడి దగ్గర మొదటి నుంచీ చెప్పించకూడదు. ట్రామా-ఇన్‌ఫార్మ్‌డ్ (మనసుకి తగిలిన పాత గాయాన్ని దృష్టిలో పెట్టుకుని మెలగడం) అనే పెద్ద మాటకి ఆచరణలో అర్థం ఇదే. అమెరికాలో మానసిక ఆరోగ్య సేవలు చూసే సాంసా అనే ప్రభుత్వ సంస్థ 2014లో దీనికి ఆరు సూత్రాలు చెప్పింది. భద్రత, నమ్మకం, తోటివారి తోడు, కలిసి పనిచేయడం, నిర్ణయం ఆ మనిషి చేతిలోనే ఉంచడం, సంస్కృతి-చరిత్ర-ఆడామగా తేడాలని గమనించడం. (ఈ చివరి దాంట్లో మనం కులాన్ని కూడా కలుపుకోవాలి. సెంటర్లో ఎవరి పక్కన ఎవరు భోజనానికి కూర్చోరో ఒకసారి చూడండి, తెలుస్తుంది.) ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఒకరికొకరు తోడుండే ఈ పని మీద విడిగా ఒక మాడ్యూల్ తెచ్చింది. మీ సెంటర్ వాళ్లు ఏ పాఠాలు పెట్టుకున్నారో అడగండి. ‘అనుభవం ఉందిగా, రెండు రోజులు చూసి నేర్చుకుంటాడు’ అంటే అది ట్రైనింగ్ కాదు, చవగ్గా మనిషిని పెట్టుకోవడం.

హద్దులు కూడా నేర్పాలి. మాత్రల గురించి మీవాడు సలహా ఇవ్వకూడదు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వాడే మనిషి మద్యం తాగితే ప్రాణం మీదికి వస్తుంది, అలాంటివి డాక్టరే చూడాలి. బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి కొద్ది రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు. అప్పుడు పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం సరిపోదు, మీ ఊళ్లోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎవరైనా చచ్చిపోవాలనుంది, ఎవరికీ చెప్పకు అంటే ఆ రహస్యం దాచకూడదు. వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చేతిలో ఉంచుకోవాలి, అందులో తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు. మత్తుపదార్థాల హెల్ప్‌లైన్ 14446.

ఇప్పుడు మీవాడి సంగతి. తాగుడు మానడం ఒకటి, ఆ చావు తాలూకు దెబ్బ మానడం ఇంకొకటి. మీరు తాగుడు గురించే రాశారు. షట్టర్ దబ్బుమని పడితే ఉలిక్కిపడుతున్నాడా? కరెంటు పని జరుగుతుంటే అక్కణ్నించి తప్పుకుంటున్నాడా? సూరత్ పేరెత్తితే మాట మారుస్తున్నాడా? వీటిలో ఏదైనా అవునంటే ముందు ఎంకేసీజీ సైకియాట్రీ ఓపీలో దానికి వైద్యం చేయించండి. ట్రైనింగ్ ఒక బ్యాచ్ ఆగినా నష్టం లేదు. అదేం లేదంటే చేరనివ్వండి, కానీ మొదటి ఏడాది విత్‌డ్రాయల్ వార్డులో (తాగుడు అప్పుడే మానినవాళ్లని ఉంచే చోట) వద్దు. వణికిపోయే మనుషుల మధ్య నైట్ డ్యూటీ కొత్తవాడికి మంచిది కాదు. ఇంటికెళ్లిన పేషెంట్లని ఫాలో-అప్ చేయడం, కుటుంబాలతో మాట్లాడటం, సూరత్ నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లని కలవడం అతనికి నప్పుతాయి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన మనిషి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఏ సెంటర్‌కైనా అవసరమే. ఫారాలు ఒడియాలో నింపినా ఏడుపొచ్చినప్పుడు మనవాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

అతను వెళ్లే సొంత గ్రూపు మీటింగ్ ఏదైనా ఉంటే అది మాన్పించకండి. తను స్టాఫ్ కాకుండా మామూలు మనిషిగా కూర్చునే చోటు ఒకటి అతనికి ఉండాలి. ఎప్పుడైనా ఒక పెగ్గు తాగితే సెంటర్ ఏం చేస్తుందో ముందే రాయించుకోండి. ఆ రోజే గెంటేస్తారా, లేక సెలవిచ్చి వైద్యం చేయించి మళ్లీ తీసుకుంటారా? గెంటేస్తారనే భయం ఉంటే తాగిన సంగతి దాస్తాడు, అదే అసలు ప్రమాదం.

సంబంధాల గురించి. జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం వస్తుంది. ర్యాలీలు, బ్యానర్లు, స్టేజీ మీద ‘మా దగ్గర బాగుపడిన కుర్రాడు’ అని మైకు చేతికివ్వడం. నాకు ఆ తంతు అస్సలు నచ్చదు. ఫొటో వాడాలన్నా, పేరు చెప్పాలన్నా తన ఇష్టం ఉండాలని చేరేటప్పుడే రాతలో పెట్టించండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడుకి సంబంధించిన మానసిక స్థితులనీ తన పరిధిలోకి తెచ్చింది. చికిత్సలో ఉన్నవారి ఫొటో, వివరాలు వారి అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని చెప్పింది. ఇక అమ్మాయి తరఫువాళ్లకి మాత్రం ముందే చెప్పేయండి, మీవాడి నోటితోనే. ఈ ఉద్యోగం వల్ల అది కాస్త తేలికవుతుంది కూడా. దాచిపెట్టి పెళ్లి చేస్తే మీవాడు ఇంట్లో కూడా భయపడుతూ బతకాలి.

చదువు ఆపవద్దు. పీర్ సపోర్టర్‌గా మొదలైన చాలామంది అక్కడే మిగిలిపోవడానికి కారణం డిగ్రీ లేకపోవడం. కౌన్సెలర్ పోస్టుకి డిగ్రీ అడుగుతారు. ప్లస్ టూ ఉంది కాబట్టి పని చేస్తూనే ఇగ్నో దూరవిద్యలో బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ డిగ్రీ) కట్టవచ్చు. ఆ తర్వాత రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూ ఇగ్నోలోనే చేయవచ్చు, కాలేజీకి వెళ్లగలిగితే భువనేశ్వర్ నిస్వాస్ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే ఆ పైన బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట ప్రత్యేక చదువు. దారి పొడుగే, 26 ఏళ్లకి ఆలస్యమేమీ కాలేదు. ఇంగ్లిష్‌లో చదవడం కష్టమైతే హిందీ మీడియం అడగమనండి. సూరత్‌లో ఉన్నవాడికి హిందీ బాగానే వచ్చి ఉంటుంది.

ఈ వారమే మీరిద్దరూ కలిసి సెంటర్ ఇన్‌ఛార్జిని కలవండి. వారానికోసారి మావాడితో కూర్చుని, ఆ వారం వాడు విన్నవన్నీ వాడి దగ్గర వినే మనిషి ఎవరని అడగండి. పేరు చెప్పి, ఆ మనిషిని పిలిచి పరిచయం చేస్తే చేర్పించండి. ‘చూద్దాంలెండి’ అంటే ఇంకో సెంటర్ వెతుక్కోండి.