రాజుకు విధేయులైన తిరుగుబాటుదారులు: యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల అధ్యాయాలు శ్రద్ధగా చదివాను. 1536లో ఉత్తర ఇంగ్లండులో, మఠాలు మూయిస్తున్న రాజు ఎనిమిదో హెన్రీకి ఎదురు నిలిచిన జనం కథను తెలుగులో చెప్పాలని పూనుకున్నందుకు చాలా సంతోషం. చలి, బురద దారులు, గుర్రాల చెమట వాసన, అన్నీ బాగా పట్టుకున్నావు. నన్ను ఇబ్బంది పెట్టింది నీ రాబర్ట్ ఆస్క్. మూడో అధ్యాయంలో అతను బండి ఎక్కి, పిడికిలి బిగించి, రాజరికం కూలాలని గర్జిస్తాడు. మన నవలల్లో, నాటకాల్లో తిరుగుబాటు నాయకుడు అలాగే ఉంటాడు కాబట్టి ఆ దృశ్యం నీ కలానికి అలవోకగా వచ్చేసింది. దాన్ని మొత్తంగా తీసెయ్యమని నా సలహా.

అసలు ఆస్క్ ఎవరో తలచుకో. యార్క్‌షైర్ భూస్వాముల బిడ్డ. లండన్‌లోని గ్రేస్ ఇన్‌కు చెందిన న్యాయవాది. ఒక కన్ను లేదు. కోర్టు పని మీద లండన్ బయలుదేరినవాణ్ని తిరుగుబాటుదారులే దారిలో ఆపి ప్రమాణం చేయించారు. కొద్ది రోజుల్లోనే అతను వాళ్లకు పెద్ద దిక్కయ్యాడు. తన దండులో చేరేవాళ్ల కోసం అతను రాసిన ప్రమాణపత్రం ఇప్పటికీ ఉంది. దేవుని మీద ప్రేమ, పవిత్ర సంఘ (అంటే చర్చి) రక్షణ, రాజుగారి ప్రాణానికీ ఆయన సంతానానికీ క్షేమం, రాజు చుట్టూ చేరిన దుష్ట సలహాదారుల తొలగింపు: అందులో ఉన్నవి ఇవి. రాజరికం కూలాలన్న మాట ఎక్కడా లేదు. దుష్ట సలహాదారుడంటే వాళ్ల దృష్టిలో ముందుగా రాజుగారి ప్రధాన మంత్రి థామస్ క్రామ్‌వెల్.

తమ దండుకు వాళ్లు పెట్టుకున్న పేరు కృపాయాత్ర. క్రీస్తు పంచగాయాల గుర్తున్న జెండా పట్టుకుని సుమారు 30,000 మంది డాంకస్టర్ దాకా వచ్చారు. ఎదురుగా ఉన్న రాజసైన్యం అందులో మూడో వంతు కూడా లేదు. అయినా డాన్ నది దాటి లండన్ మీదికి పోలేదు. ఆగి, రాజుతో మాట్లాడతామన్నారు. గెలిచే బలం చేతిలో ఉండగా ఎందుకు ఆగారు? పిరికితనం అని రాశావు. వాళ్లు పిరికివాళ్లు కారు తమ్ముడూ. తాము రాజుకు నమ్మకస్తులమని, రాజుకు నిజం తెలిస్తే అంతా చక్కబడుతుందని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు. నీ నవలకు గుండెకాయ ఆ నది ఒడ్డునే ఉంది.

ఆ నమ్మకం పాఠకుడి మనసుకు ఎక్కాలంటే ముందు ఈ తిరుగుబాటు మొదట రాజుకున్న లౌత్ పట్టణం కావాలి. దాన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. లింకన్‌షైర్‌లోని ఆ ఊరి సెయింట్ జేమ్స్ చర్చికి ఆకాశాన్నంటే శిఖరం ఉంది. అది పూర్తయింది 1515లో. దానికి డబ్బిచ్చిన ఇళ్లవాళ్లు 1536లో ఇంకా ఆ వీధుల్లోనే తిరుగుతున్నారు. ఆ ఏడాదే, సాలుకు 200 పౌండ్ల లోపు ఆదాయమున్న మఠాలను మూసెయ్యాలని చట్టం వచ్చింది. కోతల కాలంలో వచ్చే పండుగలకు కోత పడింది. మఠాల మూసివేతకు ఒక బృందం, పన్ను వసూలుకు ఇంకో బృందం, చర్చి గురువుల తనిఖీకి మరో బృందం ఒకే సమయంలో ఆ ప్రాంతంలో తిరుగుతున్నాయి. చర్చి వెండి పట్టుకుపోతారట, బాప్తిస్మానికీ పెళ్లికీ చావుకీ పన్ను వేస్తారట అని పుకార్లు. అక్టోబరు 1, ఆదివారం. గురువు థామస్ కెండల్ తన ప్రసంగంలో రాబోయే తనిఖీ గురించి జనాన్ని హెచ్చరించాడు. ఆ సాయంత్రం ఊరివాళ్లు చర్చి తాళాలు తమ చేతుల్లోకి తీసుకుని, రాత్రంతా వెండి సామానుకు కాపలా కాశారు. వాళ్లకు ముందు నిలిచినవాడు నికొలస్ మెల్టన్ అనే చెప్పులు కుట్టే మనిషి. మర్నాడు బిషప్ ఉద్యోగిని పట్టుకుని, అతని దగ్గరున్న పుస్తకాలను బజారులో తగలబెట్టారు.

ఆ తాళాల దగ్గర మొదలుపెట్టు నీ నవల. ఆ వెండి గిన్నె ఎవరి తాత ఇచ్చింది, ఏ తల్లి చనిపోయినప్పుడు ఆ కొవ్వొత్తులు వెలిగించారు, ఇవన్నీ నువ్వు కల్పించుకోవచ్చు. మఠం వాళ్లకు ఆస్తి మాత్రమే కాదు. వైద్యం, బాటసారికి బస, పోయినవాళ్ల కోసం ప్రార్థన, అన్నీ అక్కడే. పుకార్లను మూఢ జనం మాటలుగా కొట్టిపారెయ్యకు. చర్చి వెండి సంగతి 1553లో, హెన్రీ కొడుకు ఎడ్వర్డ్ ఏలుబడిలో, అక్షరాలా నిజమైంది.

ఇక నీ పాత్రల భక్తి. నీ గురువులందరూ కపటులే అయ్యారు, భక్తులందరూ అమాయకులే అయ్యారు. ఇలా రాస్తే ఆ శతాబ్దం నీకు పట్టుబడదు. "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" అని రోమా పత్రిక 13వ అధ్యాయం. "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అని అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం. మన ఊళ్లలో చర్చికి వెళ్లే ఏ ఇంట్లో అడిగినా ఈ రెండూ తీసి చూపిస్తారు. ఆ కాలపు ఐరోపా ఈ రెండు వాక్యాల నడుమ నలిగిపోయింది. ఏ పక్షమూ ఒకే వాక్యాన్ని పట్టుకుని కూర్చోలేదు. 1525లో జర్మనీ రైతులు లేచినప్పుడు వాళ్లను నరికెయ్యమని ప్రభువులకు రాసినవాడు ప్రొటెస్టెంటు సంస్కరణకు ఆద్యుడైన లూథర్. పాతికేళ్లకు, 1550లో, మాగ్డెబర్గ్ నగరంలోని లూథర్ అనుచరులే చక్రవర్తిని ఎదిరించడం ధర్మమని ప్రకటించారు. ఫ్రాన్సులో 1572లో తమవాళ్లను చంపిన సెయింట్ బార్తలోమ్యూ ఊచకోత తర్వాత ప్రొటెస్టెంట్లు ప్రతిఘటన హక్కు గురించి గ్రంథాలు రాశారు. ఒక ప్రొటెస్టెంటు సింహాసనానికి వారసుడు కాగానే అవే వాదనలను కాథలిక్కులు ఎత్తుకున్నారు. దీన్ని అవకాశవాదమని ఒక్క మాటతో తేల్చెయ్యకు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి తన గ్రంథాన్ని మళ్లీ తెరిచి చదువుతాడు.

ఈ నలుగుడు కళ్లకు కట్టే దృశ్యం నీ కథలోనే ఉంది, నువ్వు వాడుకోలేదు. 1536 డిసెంబరు 3, యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్. రాజు ముందు పెట్టాల్సిన 24 కోరికలను నాయకులు సిద్ధం చేసుకుంటున్న రోజులవి. యార్క్ ఆర్చిబిషప్ ఎడ్వర్డ్ లీ ప్రసంగ పీఠం ఎక్కాడు. తమ పక్షాన దీవెన పలుకుతాడని జనం ఆశపడ్డారు. రాజు అనుమతి లేకుండా ప్రజలు కత్తి ఎత్తకూడదని ఆయన చెప్పాడు. జనం మండిపడ్డారు. ఆ జనంలో ఒక రైతును నిలబెట్టు. దేవుని సంఘం కోసమే ఇల్లు వదిలి వచ్చాడు. అదే సంఘపు పెద్ద, నువ్వు చేస్తున్నది పాపమంటున్నాడు. ఆ రాత్రి అతను ఏమని ప్రార్థించి ఉంటాడు? ఒక అధ్యాయమంతా దానికే ఇచ్చినా ఎక్కువ కాదు.

లోబడినవాడి మీద కూడా అంతే శ్రద్ధ పెట్టు. రాజు తరఫున సైన్యంతో వచ్చి తిరుగుబాటుదారులతో మాట్లాడిన నార్ఫోక్ డ్యూక్ నీ చేతిలో ఉత్త దుర్మార్గుడయ్యాడు. క్రామ్‌వెల్ అంటే అతనికీ గిట్టదు, పాత ఆచారాలు అతనికీ ఇష్టమే. అయినా తిరుగుబాటుదారులకు తాను చేసే వాగ్దానాల్లో దేన్నీ నిలబెట్టుకోనని, వాటిని తప్పుపట్టవద్దని రాజుకు ముందే ఉత్తరం రాశాడు. విధేయత మనిషి చేత ఏ పని చేయిస్తుందో ఆ ఉత్తరం చెబుతుంది. డిసెంబరులో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, ఇకపై రాజుగారి చిహ్నం తప్ప మరేదీ ధరించనని ఆస్క్ తన ఛాతీ మీది పంచగాయాల గుర్తు తీసేశాడు. క్రిస్మస్‌కు రాజుకు అతిథిగా కూడా వెళ్లాడు. ఆ క్షమాభిక్షను నమ్మనివాడు సర్ ఫ్రాన్సిస్ బిగాడ్. మత సంస్కరణను కోరినవాడు, మఠాల తీరును తప్పుపట్టినవాడు. 1537 జనవరిలో మళ్లీ కత్తి దూసింది అతనే. ఇతన్ని నీ నవలలో ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు. ఆ రెండో అలజడిని అణచడానికి ఆస్క్ ప్రయత్నించాడు. రాజు మాత్రం దాన్నే సాకుగా తీసుకుని, ఇచ్చిన మాట పక్కన పెట్టాడు. జూలై 12న యార్క్‌లో ఆస్క్‌ను ఉరితీసి, గొలుసులతో వేలాడదీశారు. ప్రాణం పూర్తిగా పోయాకే తన శరీరాన్ని ఖండించమని అతను అంతకుముందు వేడుకున్నాడు.

నీ నవలలో ఆడవాళ్లు ఏడవడం తప్ప ఏమీ చేయరు. 1537 ఫిబ్రవరిలో కార్లైల్‌లో సైనిక చట్టం కింద 74 మంది తిరుగుబాటుదారులకు మరణశిక్ష వేసి, ఎవరి ఊళ్లో వాళ్లను ఉరితీశారు. శవాలు అలాగే వేలాడాలని, చూసినవాళ్లకు బుద్ధి రావాలని రాజు ఉద్దేశం. కంబర్లాండ్‌లో భార్యలు, తల్లులు వాటిని కిందికి దించి, రాత్రివేళ పూడ్చిపెట్టారు. రాజు కోపంతో విచారణకు ఆదేశించాడు. ఆ విచారణలో ఆడవాళ్లు చెప్పిన మాటలు రికార్డులకు ఎక్కాయి. ఇదంతా ఆడవాళ్ల పనేనని నార్ఫోక్ పైకి రాశాడు. రాజాజ్ఞను ధిక్కరించి, తాళ్లు కోసి, శవాన్ని మోసుకుపోయిన ఆ స్త్రీల చేతుల్లో జెండా లేదు, వాళ్లెవరూ ప్రమాణపత్రం చదవలేదు. వాళ్లలో ఒకరికి నీ కథలో మొదటి నుంచీ చోటివ్వు. చర్చి కాపలా రాత్రి ఆమె ఇంట్లోనే ఉండనీ, భర్త దండులోకి పోతుంటే వద్దననీ, తర్వాత ఆ చెట్టు దగ్గరికి ఆమే పోనీ.

ముందు మూడో అధ్యాయం సంగతి చూడు, తర్వాత మొదటిది. రెండూ తిరగరాశాక పంపించు, ఎంత పెద్దవైనా చదువుతాను. ఈలోగా ప్రమాణపత్రం పూర్తి పాఠం సంపాదించి, నీ చేత్తో తెలుగు చేసుకుని బల్ల మీద పెట్టుకో. ఆస్క్ నోరు విప్పే ప్రతిచోటా దానితో సరిపోల్చి చూడు.

ఉంటాను.
నీ మేలు కోరే అన్నయ్య