సర్వర్ రీస్టార్ట్ చేయకముందే చూడండి, మీ ఎర్రర్ లాగ్ ఇంకా బతికే ఉండొచ్చు

ఉబుంటు సర్వర్‌లో సైట్ 500 ఎర్రర్ ఇస్తోందని, వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ రాసే ఎర్రర్ లాగ్ మాత్రం ఖాళీగా ఉందని, సైట్ కోడ్ భాష పీహెచ్‌పీ ఇచ్చే ఎర్రర్లు కూడా ఎక్కడా కనబడటం లేదని అడిగారు. డిస్క్ నిండుతోందని నిన్న పాత లాగ్‌లు డిలీట్ చేశానన్నారు కదా, నా అనుమానమంతా దాని మీదే. దయచేసి ఇంకా రీస్టార్ట్ చేయకండి.

నాకూ అచ్చం ఇలాగే జరిగింది. డిస్క్ 95 శాతం దాటిందని ఓ రాత్రి 9 జీబీ ఎర్రర్ లాగ్‌ను ఆర్‌ఎం (డిలీట్ కమాండ్) కొట్టి, టచ్ కమాండ్‌తో అదే పేరున కొత్త ఖాళీ ఫైల్ పెట్టాను. తెల్లారేసరికి పేమెంట్ పేజీ తెల్లగా వస్తోంది. లాగ్ తెరిస్తే సున్నా బైట్లు. పర్మిషన్లు మారుస్తూ రెండు గంటలు టెన్షన్ పడ్డాను. 9 జీబీ తీసేసినా, డిస్క్‌లో జాగా చూపే డీఎఫ్ కమాండ్‌లో ఖాళీ జాగా పెరగలేదని అప్పుడు గమనించాను.

లైనక్స్‌లో డిలీట్ చేస్తే పోయేది ఫైల్ పేరే. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైల్‌ను తెరిచి ఉంచితే లోపలి డేటా అలాగే ఉంటుంది; రీస్టార్ట్ చేస్తే ఆ ఫైల్ మూసుకుపోయి డేటా కూడా పోతుంది. ఇంజిన్‌ఎక్స్ ఆ పేరు లేని పాత ఫైల్‌లోనే రాసుకుంటూ పోతుంది, మీరు పెట్టిన కొత్త ఫైల్‌ను పట్టించుకోదు. పీహెచ్‌పీలో ఎర్రర్ లాగ్‌కు విడిగా దారి ఇవ్వకపోతే, సైట్ కోసం పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎమ్ ఆ ఎర్రర్లను ఇంజిన్‌ఎక్స్‌కే పంపుతుంది. అందుకే రెండూ ఒకేసారి మాయమయ్యాయి.

ఏ ప్రాసెస్ ఏ ఫైల్ తెరిచి ఉంచిందో చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌ను రూట్‌గా, ప్లస్ ఎల్ 1 (+L1) ఆప్షన్‌తో నడపండి. లాగ్ పేరు పక్కన 'డిలీటెడ్' అని కనిపిస్తుంది. తెరిచిన ఫైల్ నంబర్ చూపే ఎఫ్‌డీ కాలమ్‌లో నాకు '2డబ్ల్యూ' అని వచ్చింది, అంటే రాయడానికి తెరిచిన 2వ నంబర్ ఫైల్. ప్రాక్ (/proc) డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబర్ కింద, ఎఫ్‌డీ లోపల ఉన్న 2 అనే ఫైల్‌ను వేరే డిస్క్‌కు కాపీ చేసుకున్నాను. మెమరీ లిమిట్ దాటిందన్న పీహెచ్‌పీ లైన్ దాని చివర్లోనే దొరికింది! ఆ తర్వాతే ఇంజిన్‌ఎక్స్‌కు లాగ్ ఫైళ్లను మళ్లీ తెరవమనే రీఓపెన్ సిగ్నల్ ఇచ్చాను. కొత్త ఫైల్‌లో లైన్లు పడ్డాయి, 9 జీబీ కూడా ఖాళీ అయింది.

ఇకమీదట లాగ్ ఖాళీ చేయాలంటే ట్రంకేట్ కమాండ్‌తో సైజు సున్నా చేయండి, ఆర్‌ఎం వద్దు.

ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో 'డిలీటెడ్' ఏదీ కనబడకపోతే పీహెచ్‌పీ సెట్టింగ్స్ చూడండి. టెర్మినల్‌కు ఒక ఐఎన్‌ఐ (సెట్టింగ్స్) ఫైల్, ఎఫ్‌పీఎమ్‌కు ఇంకొకటి ఉంటాయి. 'లాగ్ ఎర్రర్స్' ఆన్‌లో ఉందో లేదో టెర్మినల్‌లో కాకుండా, బ్రౌజర్‌లో పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ పెట్టి చూడండి. చూశాక ఆ పేజీ తీసేయండి.