జాడీ అడుగున పేరు ఉంటే చాలా?

పాత అమెరికన్ పింగాణీ మీదా కుకీ జార్‌ల (బిస్కెట్లు దాచుకునే మూత జాడీలు) మీదా వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. మన వైపు ఇంటికొకరు అమెరికాలో ఉండడంతో ఈ వస్తువులు సూట్‌కేసుల్లో బాగానే దిగుతున్నట్టున్నాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఒహాయోలో ఉంటుంది. అక్కడ ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మేస్తుంటే ఎలుగుబంటి ఆకారంలో ఉన్న కుకీ జార్ ఒకటి కొన్నది. అడుగున మెకాయ్ అని ఉంది. అసలుదేనా? – ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఆ పేరు చూసి నమ్మేయకండమ్మా. నకిలీ చేసేవాడికి అన్నిటికంటే తేలికైన పని ఆ పేరు వేయడమే. మెకాయ్ కంపెనీ ఒహాయోలోనే రోజ్‌విల్ అనే చిన్న ఊళ్లో 1910లో మొదలై 1990లో మూతపడింది. తర్వాత ఆ పేరుకు చట్టపరమైన రక్షణ లేకపోవడంతో 1990ల్లో టెనెసీలో ఒకాయన అదే పేరు వేసి కొత్త జార్‌లు మార్కెట్లోకి దింపాడు. ఇటు చూస్తే అసలైన మెకాయ్ సరుకులో కొన్నిటికి ఉత్త యూఎస్ఏ అని ఉంటుంది, కొన్నిటికి ఏ పేరూ ఉండదు. అంటే పేరున్నది నకిలీ కావచ్చు, లేనిది అసలు కావచ్చు.

మీ అమ్మాయిని ముందు టేపు పెట్టి ఎత్తు కొలవమనండి. నకలు తీసేవాళ్లు సాధారణంగా అసలు జార్ మీదే అచ్చు తీస్తారు. ఆ అచ్చులో పోసిన మట్టి ఆరి, బట్టీలో కాలేసరికి కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలుకంటే అర అంగుళమో అంగుళమో పొట్టిగా వస్తుంది. మెకాయ్ జార్‌ల ఎత్తులు సేకర్తల కోసం వేసిన పుస్తకాల్లో దొరుకుతాయి, పోల్చి చూసుకోవచ్చు. ఆ తర్వాత ఎలుగుబంటి కళ్లు, గోళ్లు, చొక్కా అంచు దగ్గరగా చూడమనండి. పూత పూసి కాల్చేసిన వస్తువు మీద అచ్చు తీస్తే ఆ గీతలన్నీ మొద్దుబారి, సబ్బు అరిగినట్టు కనిపిస్తాయి. నా మటుకు నేను అడుగున ఉన్న పేరుకంటే ఈ గీతల్నే ఎక్కువ నమ్ముతాను.

ఇంకొకటి, జార్ అసలుదే అయినా పగిలి అతికిందేమో చూసుకోవాలి. మూత తీసి అంచు మీద వేలి కణుపుతో మెల్లగా కొట్టి చూడమనండి. ఖంగుమంటే మంచిదే, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. నోట్లు సరిచూసే అల్ట్రావయొలెట్ టార్చి దొరికితే చీకటి గదిలో దాంతో చూస్తే మరమ్మతు చేసిన చోటు చాలాసార్లు వేరే రంగులో మెరుస్తుంది. నకిలీ అని తేలినా ముచ్చటగా ఉందనిపిస్తే నిక్షేపంగా ఉంచుకోండి, రేపు ఎవరికైనా ఇచ్చేటప్పుడు మాత్రం ఆ సంగతి చెప్పి ఇవ్వండి.

ప్రశ్న: పాత జార్ కదా అని గిన్నెలు తోమే సబ్బుతో, పీచుతో కడిగితే ఎర్ర రంగు ఊడి వచ్చేసింది. అంటే నకిలీ అనేగా? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదండీ, చాలావరకు అసలువాటికే ఇలా జరుగుతుంది. ఆ రోజుల్లో జార్‌ను పూతతో కాల్చేశాక పెదవులు, టోపీ, పువ్వుల్లాంటి వాటికి పైన రంగు వేసి మళ్లీ కాల్చకుండానే వదిలేసేవారు. దాన్ని కోల్డ్ పెయింట్ అంటారు. గ్లేజ్‌లోకి, అంటే కాల్చిన గాజు పూతలోకి, ఇంకలేదు కాబట్టి గీకితే లేచిపోతుంది. ఇకమీదట పొడి మెత్తటి గుడ్డతో తుడవడమే. నానబెట్టొద్దు, ఇత్తడి సామాన్లకు పెట్టినట్టు చింతపండు అసలే వద్దు. వంటింట్లో పోపు పొగ తగిలే అరలో కూడా ఉంచకండి, జిడ్డు పట్టాక దాన్ని వదిలించబోతే ఉన్న రంగు కాస్తా పోతుంది. పోయిన చోట మళ్లీ రంగు వేయించాలని చాలామందికి అనిపిస్తుంది కానీ సేకరించేవాళ్లు వెలిసిన పాత రంగుకే విలువిస్తారు. అలాగే వదిలేయండి.

ప్రశ్న: మా అబ్బాయి పంపిన పాత ఫియెస్టా గిన్నె నారింజ కలిసిన ఎరుపు రంగులో భలే ఉంది. అందులో ఆవకాయ పెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దు. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన విషయం. హోమర్ లాఫ్లిన్ కంపెనీ 1936లో తెచ్చిన ఫియెస్టా అనే పింగాణీ సామానులో ఆ ఎరుపు యురేనియం ఆక్సైడ్‌తో వచ్చింది. యుద్ధకాలంలో ప్రభుత్వం యురేనియం అంతా తన చేతిలోకి తీసుకోవడంతో 1943లో ఆ రంగు ఆపేశారు, 1959లో మళ్లీ మొదలుపెట్టి 1972 దాకా చేశారు. దానికితోడు పాత గ్లేజ్‌లలో సీసం ఉండేది. పులుపు, ఉప్పు, నూనె కలిసి నెలల తరబడి ఊరే పచ్చడిని అందులో పెట్టడమంటే ఆ పూతలో ఉన్నవాటిని పళ్లెంలోకి రప్పించుకోవడమే. ఇలాంటి గిన్నెల్లో తిండీ నీళ్లూ పెట్టొద్దని అమెరికా పర్యావరణ సంస్థ కూడా చెబుతుంది. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోండి, అందులో ఏ ఇబ్బందీ లేదు. 1986 నుంచి వస్తున్న ఫియెస్టా వేరు, అది సీసం లేకుండా చేస్తున్నది.

ప్రశ్న: తలకు గుడ్డ కట్టుకున్న నల్లజాతి వంటమనిషి బొమ్మ ఉన్న జార్ కొందామంటే అట్లాంటాలో ఉన్న మా కోడలు వద్దంటోంది. బొమ్మే కదా! – ఒక పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మీ కోడలు చెప్పింది వినండమ్మా. దాన్ని మామీ జార్ అంటారు. బానిసత్వంలో పరాయి పిల్లల్ని సాకి, పరాయి వంటిళ్లలో అరిగిపోయిన ఆడవాళ్లను ఎప్పుడూ నవ్వుతూ ఊడిగం చేసే లావుపాటి మనిషిగా చూపించే బొమ్మ అది. ఆ పోలికతోనే నడిచిన ఆంట్ జెమైమా అనే పాన్‌కేక్ బ్రాండు 2021లో పేరే మార్చుకుంది. ఇలాంటి వస్తువుల్ని మిషిగన్‌లో ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల జిమ్ క్రో మ్యూజియం సేకరించి, ఆ కాలంలో మనుషుల్ని ఎలా చూశారో విద్యార్థులకు వివరిస్తుంది. నల్లజాతి సేకర్తలు కూడా తమ చరిత్ర కనుమరుగు కాకూడదని కొంటారు. అది వేరు, మనం డ్రాయింగ్ రూంలో ముచ్చటకు పెట్టుకోవడం వేరు. పైగా మెకాయ్ జార్‌లలో నకిలీలు బాగా వచ్చినవాటిలో ఈ బొమ్మ ఒకటి.

ప్రశ్న: ఇవి కొని దాచుకుంటే రేటు పెరుగుతుందా? అమెరికా నుంచి పగలకుండా తెచ్చుకోవడం ఎలా? – ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: రేటు కోసమైతే కొనకండి. ఆండీ వార్హోల్ అనే పేరున్న చిత్రకారుడు పాతసామాన్ల సంతల్లో కుకీ జార్‌లు కొని పోగేశాడు. ఆయన పోయాక 1988లో న్యూయార్క్‌లో సదబీస్ వాళ్లు వేలం వేస్తే అవన్నీ కలిపి దాదాపు రెండున్నర లక్షల డాలర్లు పలికాయి. జనం ఎగబడింది ఆయన పేరుకు, జార్‌లకు కాదు. ఆ వేలం తర్వాత వచ్చిన ఊపు ఇప్పుడు లేదు, మన దగ్గరైతే కొనేవాళ్లను వెతుక్కోవాలి.

తెచ్చుకునేటప్పుడు మూతను జార్ మీద పెట్టి టేపు వేయకండి, ఎక్కువగా పగిలేది అక్కడే. మూతకు విడిగా చుట్టాలి. జార్ లోపల మెత్తటి బట్టలు కుక్కి, బయట పాత కాటన్ చీరతో నాలుగు చుట్లు చుట్టి, సైజు సరిపోతే చేతి బ్యాగులోనే పెట్టుకోండి. చెవులు, తోక, ముక్కు లాంటివి పొడుచుకొచ్చిన చోట ఇంకో మడత ఎక్కువ వేయండి.