ఆ అబార్షన్ ముత్యాల గర్భమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. పద్నాలుగు నెలల కిందట తొమ్మిదో వారంలో స్కాన్ చేసి, బిడ్డ గుండె చప్పుడు లేదన్నారు. మాత్రలు ఇచ్చారు. రెండు రోజుల్లో ఇంట్లోనే అంతా పడిపోయింది. పది రోజులు బ్లీడింగ్ అయి ఆగింది. ముక్కను పరీక్షకు పంపమని ఎవరూ చెప్పలేదు, మాకూ తెలియదు. ఇప్పుడు పీరియడ్స్ 29, 30 రోజులకు సరిగ్గానే వస్తున్నాయి. ఈమధ్య మా తోడికోడలికి ముత్యాల గర్భం అని తేలింది. పట్టించుకోకుండా వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని ఆమెకు చెప్పారట. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. నాకు పోయిందీ అదేనేమో, లోపల ఇంకా ఏమైనా మిగిలి ఉందేమో అని భయం. మళ్లీ గర్భం కోసం ప్రయత్నించవచ్చా?
– ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. అప్పుడు పోయింది ముత్యాల గర్భమా కాదా అన్నది ఒకటి. ఇప్పుడు లోపల ఏమైనా మిగిలి ఉందా అన్నది రెండోది. మొదటిదానికి కచ్చితమైన జవాబు ఇక దొరకదు, పరీక్షించడానికి ముక్క లేదు కాబట్టి. రెండోదానికి మాత్రం ఒక్క రక్తపరీక్షతో తెల్లారేసరికి జవాబు వస్తుంది. మీ ఆరోగ్యానికీ, రాబోయే గర్భానికీ కావలసింది ఈ రెండో జవాబే.

ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ)లో మాయ సరిగ్గా తయారుకాక, నీటి బుడగలుగా ఉబ్బిపోతుంది. ఉడికిన సగ్గుబియ్యంలా, చిన్న ద్రాక్ష గుత్తిలా కనిపిస్తుంది. ఇందులో రెండు రకాలు. తల్లి జన్యువులు లేని అండంతో తండ్రి వీర్యకణం కలిస్తే పిండం ఉండదు, బుడగలే ఉంటాయి. ఇది సంపూర్ణ ముత్యాల గర్భం. మామూలు అండంలోకి రెండు వీర్యకణాలు దూరితే 46 క్రోమోజోములకు బదులు 69 వస్తాయి. పిండం కొంత ఏర్పడుతుంది కానీ నిలవదు. ఇది పాక్షికం. రెండూ ఫలదీకరణ వేళ జరిగే పొరపాట్లే. బొప్పాయి తిన్నందుకో, బరువులు ఎత్తినందుకో, వేడి చేసినందుకో రావు.

ఏ రకమైనా సరే, మాయ కణాలు బతికి ఉన్నంతకాలం హెచ్‌సీజీ హార్మోను వదులుతూనే ఉంటాయి. ప్రెగ్నెన్సీ కార్డు మీద రెండో గీత తెప్పించేది అదే. లోపల ఏదైనా మిగిలి పెరుగుతుంటే రక్తంలో హెచ్‌సీజీ కనిపించి తీరాలి. పైగా అలాంటప్పుడు పీరియడ్స్ గడియారంలా రావు. మధ్యమధ్యలో బ్లీడింగ్ కనిపించడమో, నెలలు తప్పడమో జరుగుతుంది. మీకు పద్నాలుగు నెలలుగా పీరియడ్స్ క్రమంగా వస్తున్నాయి. అదొక్కటే చాలా ధైర్యం ఇచ్చే సంగతి. అయినా అంచనాతో ఆగకండి, పరీక్ష చేయించుకోండి. మనసు కుదుటపడటానికి వైద్యుడి మాటకన్నా కాగితం మీద అంకె ఎక్కువ పనిచేస్తుంది.

ల్యాబ్‌లో 'బీటా హెచ్‌సీజీ, క్వాంటిటేటివ్' అని అడగండి. పరగడుపున ఉండక్కర్లేదు. పీరియడ్ వచ్చిన రెండో మూడో రోజున రక్తం ఇవ్వండి. మీరు గర్భం కోరుకుంటున్నారు కాబట్టి, పీరియడ్ రావలసిన రోజులు దగ్గరపడ్డాక చేయిస్తే కొత్త గర్భం వల్ల అంకె పెరిగి కంగారు రెట్టింపవుతుంది. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వాడుతుంటే మూడు రోజుల ముందే ఆపేయండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని యంత్రాల్లో ఈ అంకెను ఉన్నదానికన్నా తగ్గించి చూపిస్తుంది.

ఫలితం మిల్లీలీటరుకు 5 ఎంఐయూ (హెచ్‌సీజీని కొలిచే యూనిట్) కంటే తక్కువ వస్తే పాత గర్భం తాలూకు బతికున్న కణజాలం లేదని అర్థం. ప్రతి నెలా మళ్లీ మళ్లీ చేయించక్కర్లేదు. 5 నుంచి 25 మధ్య వస్తే భయపడకుండా వారం తర్వాత అదే ల్యాబ్‌లో తిరిగి చేయించండి. అదే రోజు మూత్రపరీక్ష కూడా చేయించండి. కొందరి రక్తంలోని యాంటీబాడీలు యంత్రాన్ని తప్పుదారి పట్టించి, లేని హెచ్‌సీజీని చూపిస్తాయి. అవి మూత్రంలోకి దిగవు. కాబట్టి రక్తంలో కాస్త ఉండి మూత్రంలో ఏమీ లేకపోతే ముందు ఆ సంగతి ఆలోచించాలి. 25 కన్నా ఎక్కువ వస్తే మొదట చూడవలసింది కొత్త గర్భం. స్కాన్‌లో అదీ కాదని తేలితేనే గైనిక్ క్యాన్సర్ నిపుణుల దగ్గరికి వెళ్లాలి.

పాత స్కాన్ రిపోర్టు ఉంటే ఒకసారి తీసి చూడండి. పిండం పొడవు, అంటే సీఆర్‌ఎల్, మిల్లీమీటర్లలో రాసి ఉంటే సంపూర్ణ ముత్యాల గర్భం దాదాపు కానట్టే. పాక్షికం కాదని మాత్రం స్కాన్ చూసి చెప్పలేం. పాక్షికాల్లో సగానికి పైగా స్కాన్‌లో మామూలు అబార్షన్‌లాగే ఉంటాయి, ముక్కను మైక్రోస్కోప్ కింద చూసినప్పుడే బయటపడతాయి. మీది అదే అయినా, తర్వాత కణాలు పెరిగి క్యాన్సర్ మందులు అవసరమయ్యేది నూటికి ఒకరి నుంచి ఐదుగురికే. సంపూర్ణ ముత్యాల గర్భంలో ఆ లెక్క 15 నుంచి 20 వరకు ఉంటుంది. మీ తోడికోడలిలాంటి వాళ్లకు మళ్లీమళ్లీ రక్తపరీక్షలు చేయించేది అందుకే. ఆమె జబ్బుకు చెప్పిన మాటలు మీకు అన్వయించుకోకండి. ఆమెకు ఇది రావడం వల్ల మీకు వచ్చే అవకాశమేమీ పెరగదు.

అంకె 5 లోపు వస్తే వచ్చే నెల నుంచే ప్రయత్నించండి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. నెల తప్పాక, చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్కిస్తే ఏడో వారంలో ఒక స్కాన్ చేయించుకుంటే మీ భయానికి అక్కడితో తెరపడుతుంది.

ఇప్పుడు మాత్రలతో అబార్షన్ చేయించుకుంటున్న వాళ్లకు ఒక మాట. మూడు వారాల తర్వాత ఇంట్లో ప్రెగ్నెన్సీ కార్డుతో చూసుకోండి. ఇంకా రెండు గీతలు వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నెగెటివ్ వచ్చినా బ్లీడింగ్ వారాల తరబడి ఆగకుండా ఉంటే, దగ్గులో రక్తం పడితే ఆగకండి. పడిన ముక్కలో నీటి బుడగలు కనిపిస్తే పారేయకండి. ఉప్పునీళ్లలో వేసి తెచ్చినా కణాలు పాడవుతాయి. పది శాతం ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవం), ముక్కకు పది రెట్లు ద్రవం ఉండేలా ల్యాబ్‌కు చేరాలి. ఆస్పత్రిలో అడిగితే ఫార్మలిన్ సీసా ఇస్తారు.

ప్రశ్న: మూడు వారాల కిందట నాకు సక్షన్‌తో కడుపు శుభ్రం చేశారు. బయాప్సీ రిపోర్టులో 'హైడ్రోపిక్ విల్లై ఉన్నాయి, మోలార్ మార్పును కొట్టిపారేయలేం' అని రాశారు. ఒక డాక్టర్ ఏమీ లేదన్నారు, ఇంకొకరు రెండేళ్లు గర్భం వద్దన్నారు. ఎవరి మాట వినాలి?
– పేరు వద్దు, కరీంనగర్

జవాబు: రెండూ తొందరపాటు మాటలే. 'విల్లై' అంటే మాయలోని సన్నని పోగులు, 'హైడ్రోపిక్' అంటే నీరు పట్టిందని అర్థం. 'మోలార్ మార్పు' అంటే ముత్యాల గర్భం. పిండం ఆగిపోయాక కొన్నాళ్లు లోపలే ఉంటే మామూలు మాయ కూడా అలా ఉబ్బుతుంది. అది ముత్యాల గర్భం కాదు. కానీ కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. పెథాలజిస్టు నిజాయితీగా తన అనుమానం రాశారు. దాన్ని తేల్చుకునే దారి ఉంది.

మీ ముక్క మైనంలో పోసిన చిన్న బ్లాకుగా ఆ ల్యాబ్‌లోనే ఉంటుంది. అవి ఏళ్ల తరబడి చెడిపోవు. కాగితం మీద రాసి అడిగితే బ్లాకు, స్లైడ్లు ఇస్తారు. రిపోర్టు నకలు జతచేసి పెద్ద ల్యాబ్‌కు పంపి 'పీ57' రంగు పరీక్ష చేయించండి. పీ57 ప్రొటీన్‌ను తయారుచేసేది తల్లి నుంచి వచ్చిన జన్యువే. సంపూర్ణ ముత్యాల గర్భంలో తల్లి క్రోమోజోములు ఉండవు కాబట్టి ఆ కణాలకు రంగు పట్టదు. రంగు పట్టిందంటే సంపూర్ణం కాదు. అది పాక్షికమా, మామూలు అబార్షనా అన్నది పీ57 చెప్పలేదు. దానికి క్రోమోజోములు రెండు జతలా మూడు జతలా అని చూసే ప్లాయిడీ పరీక్షో, డీఎన్‌ఏ పరీక్షో కావాలి.

ఆ పరీక్ష అందుబాటులో లేకపోతే పాక్షికం అనుకొని నడుచుకోవడం క్షేమం. రెండు వారాలకోసారి, ఒకే ల్యాబ్‌లో బీటా హెచ్‌సీజీ చేయించండి. 5 లోపుకు వచ్చాక మరో నెలకు ఒక్కసారి చూసి, అప్పుడూ మామూలుగా ఉంటే ప్రయత్నించవచ్చు. రెండేళ్లు ఆగక్కర్లేదు. మీది నెగెటివ్ గ్రూపు రక్తమైతే యాంటీ–డి ఇంజెక్షన్ (రక్తం గ్రూపు తేడాతో తర్వాతి బిడ్డకు హాని రాకుండా ఇచ్చేది) ఇచ్చారో లేదో డిశ్చార్జి కాగితంలో చూసుకోండి. ఈ హడావుడిలో ఎక్కువగా మరిచిపోయేది అదే.

ప్రశ్న: మా చెల్లికి సంపూర్ణ ముత్యాల గర్భం తీసేశారు. వారంవారం హెచ్‌సీజీ: 18,400, 2,100, 340, 322, 331, 318. మొదట బాగా తగ్గింది కాబట్టి ఫర్వాలేదని మా ఊరి డాక్టర్ అంటున్నారు. ఇంకా ఆగాలా? ఇది క్యాన్సరా?
– ఒక అక్క, విజయనగరం

జవాబు: ఆగవద్దు. చివరి నాలుగు అంకెలు చూడండి. 340 నుంచి 318 వరకు అన్నీ పది శాతం లోపు తేడాలోనే ఉన్నాయి. మూడు వారాల వ్యవధిలో నాలుగు అంకెలు ఇలా ఒకేచోట నిలబడితే, మాయ కణాలు గర్భసంచి గోడలో పాతుకున్నాయని లెక్క. రెండు వారాల్లో వరుసగా మూడు అంకెలు పది శాతానికి మించి పెరిగినా అంతే. మొదట ఎంత తగ్గిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ముందు ఆమె మళ్లీ గర్భం దాల్చలేదని స్కాన్‌తో నిర్ధారించుకోండి. తర్వాత ఈ వారంలోనే క్యాన్సర్ కేంద్రానికి తీసుకెళ్లండి. మీకు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇంతకుముందు ఆరోగ్యశ్రీ) కార్డు ఉంటే ముందుగా ఆస్పత్రిలో ఆ పథకం సిబ్బందిని కలవండి. మొదటి నుంచి ఉన్న అన్ని అంకెలూ తేదీలతో ఒకే కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, వైద్యం దాన్ని బట్టే మొదలవుతుంది.

అక్కడ రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఈ కణాలు పాకితే ముందు చేరేది ఊపిరితిత్తులకే. వయసు, హెచ్‌సీజీ, గడ్డ సైజు వంటి ఎనిమిది అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 లేదా అంతకన్నా తక్కువ అయితే ఒక్క మందుతో మొదలుపెడతారు. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో 1, 3, 5, 7 రోజుల్లో మెథోట్రెక్సేట్ 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, 2, 4, 6, 8 రోజుల్లో ఫోలినిక్ యాసిడ్ 15 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. రెండు వారాలకోసారి ఇది తిరిగి మొదలవుతుంది. అంకె మామూలుకు వచ్చాక కూడా మరో రెండు మూడు విడతలు పూర్తిచేస్తారు. తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది.

మందులతో నయమయ్యే క్యాన్సర్లలో ఇది ముందు వరసలో ఉంటుంది. తక్కువ మార్కుల వాళ్లలో దాదాపు అందరికీ నయమవుతుంది, గర్భసంచి తీయకుండానే. ఈ మెథోట్రెక్సేట్ మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ల్యాబ్ తయారుచేసిన మందు. ఇదే కోవ క్యాన్సర్‌ను అది కరిగించగలదని 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ బృందం చూపించింది. సుబ్బారావు గారు 1948లోనే కన్నుమూశారు, ఆ ఫలితం చూడలేకపోయారు.

మెథోట్రెక్సేట్ నడుస్తున్నన్నాళ్లు బలానికని ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇవ్వకండి, మందుకు అడ్డుపడతాయి. ఫోలినిక్ వేరు, ఫోలిక్ వేరు. ఆఖరి విడత తర్వాత ఏడాది పాటు గర్భం వద్దు. కండోమ్ గానీ గర్భనిరోధక మాత్రలు గానీ వాడవచ్చు. అంకె మామూలుకు వచ్చేదాకా కాపర్–టీ మాత్రం వద్దు, గర్భసంచి గోడ మెత్తబడి ఉంటుంది కనుక చిల్లు పడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది మేనరికం. రెండుసార్లు ముత్యాల గర్భం వచ్చింది. మేనరికమే కారణమా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఒక్కసారి వస్తే మేనరికాన్ని అనలేం. ఒకసారి వచ్చిన వాళ్లలో మళ్లీ వచ్చేది నూటికి ఒకరిద్దరికే. రెండుసార్లు వచ్చింది కాబట్టి మీరు ఎన్‌ఎల్‌ఆర్‌పీ7, కేహెచ్‌డీసీ3ఎల్ జన్యువుల పరీక్ష చేయించుకోవాలి. రక్తం మీది మాత్రమే కావాలి, మీవారిది అక్కర్లేదు. ఈ జన్యువుల్లో లోపం ఉంటే దెబ్బతినేది అండం. లోపమున్న జన్యువు మీకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితేనే అది బయటపడుతుంది. అందుకే ఇక్కడ చూడవలసిన మేనరికం మీ పెళ్లిది కాదు, మీ అమ్మానాన్నలది. లోపం ఉందని తేలితే సొంత అండంతో వచ్చే గర్భాలు మళ్లీమళ్లీ ముత్యాల గర్భాలయ్యే అవకాశమే ఎక్కువ. ఇలాంటి వాళ్లకు దాత అండంతో మామూలు బిడ్డలు పుట్టారు. మీకు అక్కచెల్లెళ్లుంటే వాళ్లు గర్భం దాల్చకముందే ఈ సంగతి చెప్పండి, వాళ్లూ పరీక్ష చేయించుకోవచ్చు.