బుజ్జీ, ఫారం నింపడం తేలిక, ఒప్పందం రాసుకోవడమే కష్టం

చి. సౌ. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం ఫోన్‌లో నువ్వు, "ఫ్రెండ్‌తో కలిసి చేసే చీరల వ్యాపారానికి ఎల్‌ఎల్‌సీ పెట్టడానికి లాయర్ 1,500 డాలర్లు అడుగుతున్నాడు, అంత ఇవ్వాలా పెద్దమ్మా?" అన్నావు. ఇంట్లో చుట్టాలు ఉండటంతో ఏదో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. అప్పటినుంచి మనసులో అదే తిరుగుతోంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాం, అందుకని కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు, మీ ఆయనకీ చూపించు.

ముందు నీ ప్రశ్నకి జవాబు. ఎల్‌ఎల్‌సీ అంటే లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ, వ్యాపారం అప్పులు మామూలుగా మన సొంత ఆస్తి మీదికి రాకుండా అడ్డుండే కంపెనీ. కంపెనీ రిజిస్టర్ చేయడానికి లాయర్ అక్కర్లేదు. మన టెక్సస్‌లో అది ఒక చిన్న ఫారం. సర్టిఫికెట్ ఆఫ్ ఫార్మేషన్ అంటారు, ఫారం నంబరు 205. కంపెనీలని రిజిస్టర్ చేసే రాష్ట్ర ఆఫీసు, అంటే సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లోనే నింపి పంపొచ్చు. ఫీజు 300 డాలర్లు. ఆ 300 లాయర్ చేసినా కట్టాల్సిందే, నువ్వు చేసినా కట్టాల్సిందే. డ్రైవింగ్ లైసెన్సుకి అప్లై చేసిన దానికంటే ఇదేమీ పెద్ద పని కాదు.

పేరు ముందు వెతుక్కో. రాష్ట్రంలో ఇప్పటికే ఉన్న కంపెనీ పేరుకి నీది వేరుగా కనబడాలి, పేరులో ఎల్‌ఎల్‌సీ అని ఉండాలి. రాష్ట్రపు పన్నులు చూసే కంప్ట్రోలర్ ఆఫీసు సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. అక్కడ ఆ పేరు ఇంకెవరికీ లేదు కదా అని బోర్డులు, కవర్లు ప్రింట్ చేయించకు. రాష్ట్రం పేరు ఇవ్వడం వేరు, ఆ పేరు మీద ఎవరికైనా ట్రేడ్‌మార్క్ ఉందా అన్నది వేరు. అది ఫెడరల్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లో విడిగా చూసుకోవాలి.

తర్వాత రిజిస్టర్డ్ ఏజెంట్ అని అడుగుతారు. కంపెనీ మీద ఎవరైనా కేసు వేస్తే ఆ కాగితం అందుకునే మనిషి అన్నమాట. టెక్సస్‌లోనే నిజమైన వీధి అడ్రసు ఉండాలి, పోస్ట్‌బాక్స్ పనికిరాదు. పగటిపూట పని వేళల్లో అక్కడ మనిషి దొరకాలి. కంపెనీ తనకి తానే ఏజెంట్‌గా ఉండకూడదు కానీ నువ్వు ఉండొచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. ఆ ఫారంలో రాసిన పేర్లు, అడ్రసులు ఎవరైనా చూడొచ్చు. ఇంటి అడ్రసు అలా బయట పెట్టడం ఇష్టం లేకపోతే ఏడాదికింత అని తీసుకుని ఏజెంట్‌గా ఉండే సంస్థలు ఉన్నాయి. చిన్న పిల్లలున్న ఇల్లు కాబట్టి నేనైతే ఆ డబ్బు పెడతాను.

మీ ఫ్రెండ్ డెలావేర్‌లో పెడదాం అంటోందన్నావు, ఇంకెవరో వయోమింగ్ అన్నారట. ఎల్‌ఎల్‌సీ అనేది ఈ దేశంలో మొదట పుట్టింది వయోమింగ్‌లోనే, 1977లో. కానీ మీరు చీరలు తెప్పించి, బ్లౌజులు కుట్టించి, ఇంట్లో ప్యాక్ చేసి అమ్మేది టెక్సస్‌లో. డెలావేర్‌లో పెట్టినా ఇక్కడ వ్యాపారం చేస్తున్నందుకు బయటి రాష్ట్రపు కంపెనీగా మళ్ళీ ఇక్కడ రిజిస్టర్ చేయాలి. దానికి 750 డాలర్లు. పైగా డెలావేర్‌కి ఏటా 300. రెండు చోట్లా ఏజెంట్లు. ఇంత చేసి వచ్చే లాభం మీలాంటి వాళ్ళకి ఏమీ లేదు. పని ఎక్కడ చేస్తే కంపెనీ అక్కడే పెట్టుకోండి.

రాష్ట్రం నుంచి ఆమోదం వచ్చాకే ఈఐఎన్‌కి వెళ్ళు, ముందు కాదు. అది కంపెనీకి సోషల్ సెక్యూరిటీ నంబరు లాంటిది. ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో పైసా ఖర్చు లేకుండా, కొన్ని నిమిషాల్లో వస్తుంది. గూగుల్‌లో వెతికితే పైన కనబడే సైట్లు కొన్ని అచ్చం ప్రభుత్వానివిలాగే ఉండి డబ్బులు అడుగుతాయి. అడ్రసు చివర డాట్ గవ్ ఉందో లేదో చూసుకో. నంబరు రాగానే ఒక ఉత్తరం కనబడుతుంది, సీపీ 575 అని మూలన ఉంటుంది. అప్పుడే దాన్ని డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచు. అదే ఉత్తరం మళ్ళీ ఇవ్వరు. పోతే ఫోన్ చేసి 147సీ అనే ఇంకో ఉత్తరం తెప్పించుకోవాలి. బ్యాంకు వాళ్ళు అకౌంట్ తెరిచేటప్పుడు ఇదే అడుగుతారు.

ఇంతవరకు చెప్పిందంతా రెండు మూడు సాయంత్రాల పని. అసలు నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఇక్కడినుంచి చెప్పబోయేదాని కోసం.

మీరిద్దరూ చెరి సగం అన్నావు. ఒప్పందం ఏమైనా రాసుకున్నారా అంటే నవ్వి, "మా మధ్య అవన్నీ ఎందుకు పెద్దమ్మా" అన్నావు. సరిగ్గా ఈ మాటే 2008లో నేనూ అన్నాను.

నేనూ, నా స్నేహితురాలూ కలిసి బొటిక్ పెట్టినప్పుడు ఫారం నేనే నింపాను. లాయర్ లేకుండా చేశామని ఎంత సంబరపడ్డామో! ఒప్పందం మాత్రం రాసుకోలేదు. అడిగితే తను ఏమనుకుంటుందోనని నాకు మొహమాటం, నేనేమనుకుంటానోనని తనకి మొహమాటం. బ్యాంకులో చెక్కు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలని పెట్టుకున్నాం, అదే పెద్ద జాగ్రత్త అనుకున్నాం. మూడేళ్ళు బాగానే నడిచింది. తర్వాత వాళ్ళాయనకి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయారు.

ఇక చూడు నా అవస్థ. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖున డైనింగ్ టేబుల్ మీద చెక్కులు పరుచుకుని, షాపు అద్దెది, కరెంటుది, దర్జీలవి అన్నీ రాసి, నా సంతకం పెట్టి కొరియర్‌లో న్యూజెర్సీ పంపేదాన్ని. తను సంతకం పెట్టి వెనక్కి పంపాలి. ఒక నెల వాళ్ళు ఊరెళ్ళారు. కవరు వాళ్ళ గుమ్మం ముందే పడి ఉంది. అద్దె పన్నెండు రోజులు ఆలస్యమైంది. షాపు ఓనరు ఫోన్ చేసింది కంపెనీకి కాదు, నాకూ, మీ పెదనాన్నకీ. ఎందుకంటే లీజు మీద మేము సొంత హామీ కూడా ఇచ్చాం. ఆ రోజే నాకు తెలిసింది, సొంత హామీ సంతకం పెట్టాక ఆ అప్పుకి ఎల్‌ఎల్‌సీ అడ్డు నిలబడదని.

పోనీ తను తప్పుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాం. ఇక్కడి చట్టం ఏమంటుందో తెలుసా? ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, టెక్సస్ ఎల్‌ఎల్‌సీలో సభ్యులు తమంతట తాము తప్పుకోవడానికి లేదు, ఇంకొకరిని తీసేయడానికీ లేదు. తన వాటా నేను కొనుక్కోవచ్చు, కానీ ఎంతకి? తను షాపులో ఉన్న సరుకంతా లెక్కేసింది, నేను అప్పులు తీసేసి లెక్కేశాను. ఇద్దరం అబద్ధం ఆడలేదు. ముందే ఒక లెక్క అనుకుని ఉంటే ఆ తగువే ఉండేది కాదు. చివరికి ఇద్దరు లాయర్లు కూర్చున్నారు. నా వంతుకే 4,200 డాలర్లు అయింది. డబ్బు పోతే పోయింది బుజ్జీ, పదిహేనేళ్ళ స్నేహం పోయింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా, అంతే.

అందుకని నా మాట విను. ఆ ఒప్పందాన్ని ఇక్కడ కంపెనీ అగ్రిమెంట్ అంటారు, మిగతా చోట్ల ఆపరేటింగ్ అగ్రిమెంట్ అంటారు. రాష్ట్రానికి పంపక్కర్లేదు, మీ దగ్గరే ఉంటుంది. ఎవరూ అడగరు కాబట్టే అందరూ వదిలేస్తారు. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా దించుకుని సంతకాలు పెట్టేయకండి. ముందు ఇలా చేయండి. ఇద్దరూ వేరు వేరు గదుల్లో కూర్చుని ఈ ప్రశ్నలకి ఎవరి కాగితం మీద వాళ్ళు జవాబు రాయండి. ఎవరు ఎంత డబ్బు పెడుతున్నారు, ఇంకా కావాల్సి వస్తే ఎవరు తెస్తారు, ఒకరు తేలేకపోతే వాటా మారుతుందా? వారానికి ఎవరు ఎన్ని గంటలు పని చేస్తారు? ఒకరు ఎక్కువ చేస్తే దానికి విడిగా డబ్బు తీసుకోవచ్చా? ఎంత ఖర్చు వరకు ఒక్కరే నిర్ణయించొచ్చు? చెరి సగం ఉండి మాట కలవకపోతే ఎవరి మాట చెల్లుతుంది? ఒకరు ఊరు మారితే, జబ్బు పడితే, విడాకులు అయితే, పోతే? వాటా ధర ఎలా కడతారు, ఎన్ని నెలల్లో ఇస్తారు?

రాశాక కాగితాలు మార్చుకోండి. కలిసిన చోట్ల సంతోషం. కలవని చోట్ల ఆగి మాట్లాడుకోండి. మొహం చూస్తూ అడగలేనివి కాగితం మీద తేలిగ్గా బయటపడతాయి. అక్కడే పొసగకపోతే, ఇంకా రూపాయి పెట్టకముందే తెలిసింది కదా. అల్లుణ్ణీ, ఆ అమ్మాయి భర్తనీ కూడా కూర్చోబెట్టండి. టెక్సస్‌లో పెళ్ళయ్యాక సంపాదించింది మామూలుగా భార్యాభర్తలిద్దరిదీ అవుతుంది, కాబట్టి వాళ్ళూ చదివి సంతకం పెట్టడం మంచిది.

ఆ జవాబులన్నీ మామూలు మాటల్లో మూడు నాలుగు పేజీలు రాసుకున్నాక, అప్పుడు లాయర్ దగ్గరికి వెళ్ళు. కంపెనీ పెట్టమని కాదు, ఈ పేజీలు చదివి తప్పులు చెప్పమని. గంటా రెండు గంటల ఫీజు. నువ్వు మిగిల్చిన డబ్బులో కొంత ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.

ఇంకో విషయం, దీన్ని చూసీ చూడనట్టు వదిలేయొద్దు. నీకు హెచ్‌4 ఈఏడీ, అంటే డిపెండెంట్ వీసా మీద పని చేసుకునే అనుమతి కార్డు ఉంది, అది చెల్లుతున్నన్నాళ్ళు నువ్వు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. కార్డు గడువు తారీఖు మాత్రం క్యాలెండర్‌లో రాసిపెట్టుకో. మీ ఫ్రెండ్ హెచ్‌1బి మీద ఉంది, అది తనని తీసుకున్న కంపెనీలో ఉద్యోగానికే ఇచ్చే వీసా. తను డబ్బు పెట్టి వాటాదారుగా ఉండటం వేరు, కూర్చుని పార్సిళ్ళు కట్టడం, కస్టమర్లకి మెసేజీలు పెట్టడం వేరు. జీతం తీసుకోకపోయినా పని పనే. తన స్టేటస్‌కే ముప్పు రావొచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా తనని ఒక్క పనిలోకీ దింపకండి. ఈ ఒక్క దానికి నా సలహా కూడా చాలదు.

బ్యాంకు అకౌంట్ తెరిచాక కంపెనీ డబ్బు, ఇంటి డబ్బు కలపకు. కంపెనీ కార్డు మీద పిల్లాడి స్విమ్మింగ్ ఫీజు ఒకటి, పాలూ కూరగాయలూ ఒకటి కనబడ్డాయనుకో, రేపు ఏదైనా గొడవై కోర్టుకి వెళ్తే అవతలి లాయర్ ఆ స్టేట్‌మెంట్‌నే చూపించి, "ఇది కంపెనీ కాదు, వీళ్ళ పర్సు" అంటాడు. డబ్బు కావాలంటే నీ అకౌంట్‌కి మార్చుకుని అక్కడినుంచి ఖర్చు పెట్టుకో. సంతకం పెట్టేటప్పుడు కంపెనీ పేరు రాసి, కింద నీ పేరు, పక్కన మెంబర్ అని రాయి. ఉత్త నీ పేరే రాస్తే నువ్వే బాధ్యురాలివని వాదించే వీలు ఇచ్చినట్టే.

పన్నుల సంగతి. ఇద్దరున్న ఎల్‌ఎల్‌సీని ఐఆర్‌ఎస్ పార్ట్‌నర్‌షిప్‌లా చూస్తుంది. మార్చి 15లోపు 1065 అనే రిటర్న్, ఇద్దరికీ ఎవరి వాటా లాభనష్టాలు వాళ్ళకి చూపే కాగితం, చెరో కే-1. నష్టం వచ్చినా వేయాలి. ఆలస్యమైతే ఒక్కొక్కరికీ నెలకి 200 డాలర్లు దాటి జరిమానా పడుతుంది. లాభంలో నీ వంతు మీద మామూలు పన్ను కాక 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను ఉంటుంది. ఉద్యోగంలో అయితే సగం యజమాని కడతాడు, ఇక్కడ రెండు సగాలూ నువ్వే. వచ్చిన లాభంలో నాలుగో వంతు విడిగా పక్కన పెట్టు. మొదటి ఏడాది ఒక సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) చేత చేయించుకో, తర్వాత నీకే అలవాటు అవుతుంది.

బట్టలు అమ్ముతారు కాబట్టి సేల్స్ టాక్స్ పర్మిట్ కావాలి. కంప్ట్రోలర్ ఉచితంగానే ఇస్తారు. రాష్ట్రానిది 6.25 శాతం, ఊరిది కలిపితే 8.25 దాకా వెళ్తుంది. ఒక్క చీర అమ్ముడుపోని కాలానికి కూడా సున్నా అని రిపోర్టు వేయాలి, లేకపోతే 50 డాలర్లు. ఏటా మే 15కి ఇంకో రిపోర్టు ఉంటుంది. ఏడాదికి 20 లక్షల డాలర్ల వ్యాపారం కూడా దాటని మనలాంటి వాళ్ళకి ఫ్రాంచైజ్ టాక్స్, అంటే కంపెనీల మీద రాష్ట్రం వేసే పన్ను పడదు, కానీ ఆ రిపోర్టు వేయకుండా ఉండకూడదు. వదిలేస్తే కంపెనీ హక్కులు పోయి, అప్పులు మీ మెడకి చుట్టుకోవచ్చు.

రిజిస్టర్ అయిన కొన్ని వారాలకి పోస్టులో ప్రభుత్వానివిలాగే కనబడే ఉత్తరాలు మొదలవుతాయి. పైన గద్ద బొమ్మ, కింద గడువు తారీఖు, వంద డాలర్లో రెండొందలో కట్టమని. లేబర్ లా పోస్టర్ అంటారు, సర్టిఫికెట్ అంటారు, యజమానుల వివరాలు ఫెడరల్ ప్రభుత్వానికి పంపాలి అంటారు. ఆ చివరిది ఇక్కడ పుట్టిన కంపెనీలకి 2025 మార్చిలోనే తీసేశారు. టెన్షన్ పడి ఏదీ కట్టకు. ఉత్తరాన్ని ఫోటో తీసి నాకు పంపు.

ఈ వారం ఫారం జోలికి వెళ్ళొద్దు. ముందు మీరిద్దరూ ఆ కాగితాలు రాయండి. రాశాక నాకు పంపితే చదువుతాను. గురువారం సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగానే ఉంటాను, మీ ఫ్రెండ్‌ని కూడా లైన్‌లో ఉండమను.

అల్లుణ్ణి, పిల్లాణ్ణి అడిగానని చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ